జంతువుల తోడుతో థెరపీ: ఒడిశా సరిహద్దు జిల్లాల టీచర్లు, నర్సులు, సంరక్షకులు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు బడుల్లో, ప్రత్యేక పాఠశాలల్లో, వృద్ధాశ్రమాల్లో పనిచేసేవారి నుంచి ఒకే రకం సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. వాటిని దశలవారీగా ఇక్కడ పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు. ఎక్కువమంది అడిగేది కుక్కకు ఏమేం నేర్పాలని. ఈ పనిలో కుక్క నేర్చుకునేది కొంచెమే, దాని పక్కన నిలబడే మనిషి నేర్చుకోవలసిందే చాలా ఉంది. అందుకే జవాబుల్లో మనుషుల శిక్షణ గురించే ఎక్కువగా ఉంటుంది.

## దిగే ముందు

మా ఇంటి కుక్క చాలా బుద్ధిమంతురాలు. బడికి తీసుకెళ్తే అది థెరపీ అయిపోతుందా?

అవదు. మనుషులు, జంతువుల అనుబంధం మీద పనిచేసే ఐఏహెచ్ఏఐఓ అనే అంతర్జాతీయ సంఘం 2014లో ఒక పత్రం విడుదల చేసి, 2018లో దాన్ని సవరించింది. ఈ రంగంలో అందరూ వాడే నిర్వచనాలు అందులోవే. కుక్కను వృద్ధాశ్రమానికి తీసుకెళ్ళి పెద్దవాళ్ళను కాసేపు పలకరించి వస్తే అది సందర్శన. టీచరు ఒక పాఠ్య లక్ష్యం పెట్టుకుని, దానికోసం జంతువును తరగతిలోకి తెస్తే అది విద్య. ఫిజియోథెరపిస్టో, సైకాలజిస్టో, నర్సో తన వృత్తి పరిధిలో ఒక మనిషికి ఒక లక్ష్యం రాసుకుని, దాన్ని కొలుస్తూ, రికార్డు పెడుతూ చేస్తేనే థెరపీ.

ఉదాహరణకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి బిగుసుకుపోయిన వ్యక్తి ఉన్నారనుకోండి. "కుక్కతో సరదాగా గడపడం" లక్ష్యం కాదు. "ఎడమ చేత్తో బ్రష్ పట్టుకుని కుక్క వీపును 20 సార్లు దువ్వాలి, మధ్యలో బ్రష్ జారిపడటం 5 సార్ల నుంచి 1కి తగ్గాలి" అన్నది లక్ష్యం. సందర్శన తక్కువ పనేమీ కాదు. పేరు మాత్రం సరిగ్గా పెట్టుకోవాలి, లేకపోతే కుటుంబాలు లేనిపోని ఆశలు పెట్టుకుంటాయి.

నేను అంగన్‌వాడీ కార్యకర్తను. ఇది డాక్టర్లు, సైకాలజిస్టులకేనా, నాలాంటివాళ్ళకు నేర్పుతారా?

నేర్పుతారు, నేర్పాలి కూడా. మీరు నేర్చుకునేది మీ పనిని జంతువు తోడుతో ఎలా చేయాలన్నది. కొత్త వృత్తి చేతికి వస్తుందనుకోవద్దు. అంగన్‌వాడీలో రంగులు, లెక్కింపు, వంతు కోసం ఆగడం నేర్పుతున్నారు కదా, అవే పనులు చేయవచ్చు. మానసిక సమస్యకు చికిత్స చేయడం, ఫిజియోథెరపీ వ్యాయామం నిర్ణయించడం మీ పని కాదు. కోర్సు చేశాక కూడా కాదు.

కోర్సు అయ్యాక 'యానిమల్ థెరపిస్ట్' అని బోర్డు పెట్టుకోవచ్చా? ప్రభుత్వ గుర్తింపు ఉంటుందా?

బోర్డు పెట్టుకోవద్దు. స్పెషల్ ఎడ్యుకేటర్లు, క్లినికల్ సైకాలజిస్టులు వంటి వృత్తులు 1992 నాటి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చట్టం కింద నమోదవుతాయి. ఆ జాబితాలో యానిమల్ థెరపిస్ట్ అనే విభాగం లేదు. కోర్సు సర్టిఫికెట్ మీ అసలు అర్హతకు పక్కన చేరేదే. "స్పెషల్ ఎడ్యుకేటర్, జంతువుల తోడుతో బోధనలో శిక్షణ పొందారు" అని రాసుకుంటే సరైన మాట. డబ్బు కట్టించుకుని లైసెన్స్ ఇస్తామనే సంస్థ ఎదురైతే, అది ఏ చట్టం కింద లైసెన్సో రాసి ఇమ్మనండి.

మా బాబుకి ఆటిజం. కుక్కతో ఉంటే తగ్గిపోతుందని ఒకరు చెప్పారు. నిజమేనా?

ఆటిజం 'తగ్గిపోవడం' దీనివల్ల జరగదు. పిల్లాడు ఎదుటివారితో కలిసే తీరులో కొంత మార్పు కనబడవచ్చు. 1960ల్లో అమెరికన్ పిల్లల సైకాలజిస్టు బోరిస్ లెవిన్సన్ తన కుక్క జింగిల్స్ గదిలో ఉన్నప్పుడు, ఎవరితోనూ కలవని పిల్లాడు మెల్లగా దగ్గరవడం గమనించి రాశారు. ఈ రంగానికి ఊపు వచ్చింది అక్కడినుంచే. 2013లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో 99 మంది పిల్లల్ని చూశారు, వారిలో 33 మందికి ఆటిజం ఉంది. ఆటబొమ్మలు ముందు ఉన్నప్పటికంటే గినీ పందులు (ఎలుకల కోవకు చెందిన చిన్న పెంపుడు జంతువులు) ఉన్నప్పుడు ఆటిజం ఉన్న పిల్లలు ఎక్కువ మాట్లాడారు, మొహాల్లోకి ఎక్కువగా చూశారు, నవ్వారు. డిమెన్షియా (మరుపు జబ్బు) విషయంలో, వైద్య అధ్యయనాలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2019లో ఇచ్చిన సమీక్ష, దిగులు కొంచెం తగ్గవచ్చని, ఆధారాలు మాత్రం బలహీనంగా ఉన్నాయని తేల్చింది.

కాబట్టి తల్లిదండ్రులకు చెప్పవలసింది ఇది: స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, డాక్టరు ఇచ్చిన మందులు ఏవీ ఆపకూడదు. ఇది వాటికి తోడు మాత్రమే.

రెండు రోజుల వర్క్‌షాప్ సరిపోతుందా?

సరిపోదు. రెండు రోజుల్లో ఆసక్తి పుడుతుంది, చెయ్యి తిరగదు. మా అంచనాలో కనీసం 40 గంటల తరగతి, 15 గంటలు ఇతరుల సెషన్లు పక్కన కూర్చుని చూడటం, ఆపైన అనుభవం ఉన్నవారి కళ్ళ ముందు 10 సెషన్లు చేయడం ఉండాలి. తరగతి గంటల్లో మూడో వంతు జంతువు ఒంటి భాషకు పోవాలి. మిగతావి అంటురోగాల నివారణ, లక్ష్యాలు రాయడం, రికార్డు, అనుమతులు, అత్యవసర పరిస్థితులు. కోర్సులో పశువైద్యుడు ఒక్కరైనా పాఠం చెప్పకపోతే ఆ కోర్సులో చేరకండి.

పశువైద్య సలహాకు ఈ ప్రాంతం నుంచి రెండు దారులున్నాయి. ఒకటి భువనేశ్వర్‌లోని ఓయూఏటీ (ఒడిశా వ్యవసాయ విశ్వవిద్యాలయం) పశువైద్య కళాశాల. రెండోది విజయనగరం జిల్లా గరివిడిలోని పశువైద్య కళాశాల, ఇది రాయగడ, పర్లాకిమిడి వారికి భువనేశ్వర్ కంటే చాలా దగ్గర. మేధో వైకల్యం ఉన్న పిల్లల బోధనలో మీ పునాది బలహీనంగా ఉందనిపిస్తే, సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ కోర్సుల గురించి కనుక్కోండి. కుక్కల శిక్షణ కంటే ముందు చేయవలసిన పని అదే.

## జంతువును ఎంచుకునేటప్పుడు

లాబ్రడారే కొనాలా? మా వీధికుక్క పనికిరాదా?

జాతి చూసి నిర్ణయించకండి, స్వభావం చూడండి. సముద్ర తీరపు ఉక్కలో, రాయగడ ఎండలో ఒత్తు బొచ్చు లాబ్రడార్ త్వరగా డస్సిపోతుంది. పల్చటి బొచ్చు ఉన్న నాటు కుక్క తట్టుకుంటుంది. అయితే వీధిలో పెరిగిన కుక్కల్లో కొన్ని పిల్లల గుంపును చూస్తే బెదురుతాయి, ఎందుకంటే రాళ్ళ దెబ్బలు తిన్నవి. కనీసం 6 నెలలు ఇంట్లో పెట్టుకుని, దాని గుణం పూర్తిగా తెలిశాకే మదింపుకు పంపాలి. వయసు ఏడాది దాటాలి, రెండేళ్ళయితే ఇంకా మంచిది. కుక్కపిల్ల ముద్దుగా ఉంటుంది, కానీ ఆటలో నోరు పెడుతుంది, దాని టీకాలూ పూర్తయి ఉండవు.

కుక్క ఈ పనికి సరిపోతుందో లేదో ఎలా పరీక్షిస్తారు?

కొత్త చోట, కొత్త మనుషుల మధ్య చూస్తారు. ఇంట్లో చూపించిన బుద్ధి లెక్కలోకి రాదు. వెనకాల నుంచి స్టీలు కంచం నేల మీద పడేస్తారు. కుక్క ఉలిక్కిపడటం తప్పు కాదు, ఎన్ని క్షణాల్లో తేరుకుందన్నదే చూస్తారు. 5 నుంచి 10 సెకన్లలో తేరుకుని మనిషి వైపు వస్తే మంచి గుర్తు. ఊతకర్రతో నడిచే మనిషి, చక్రాల కుర్చీ, గట్టిగా ఏడ్చే పిల్ల, చెవి లాగే చెయ్యి, నేల మీద పడిన బిస్కెట్, ఎదురుగా ఇంకో కుక్క, ఇవన్నీ ఒకటొకటిగా పెడతారు.

చాలామంది పొరబడేది ఇక్కడే. అన్నీ భరించి కదలకుండా కూర్చున్న కుక్కను చూసి 'ఎంత ఓపికో' అంటారు. కొన్ని కుక్కలు భయంతో కొయ్యబారిపోతాయి. అలాంటిది ఒకరోజు ఏ హెచ్చరికా లేకుండా కరుస్తుంది. కావలసింది భరించే కుక్క కాదు, మనుషుల దగ్గరికి తనంతట తాను వచ్చే కుక్క. పట్టీ వదులుగా వదిలి, కొత్త మనిషిని 6 అడుగుల దూరంలో కూర్చోబెట్టి చూడండి. పిలవకుండానే వెళ్ళి వాసన చూసి, పక్కన నిలబడితే దానికి ఈ పని ఇష్టం.

మా ఇంట్లో రామచిలుక ఉంది, పిల్లలకు చాలా ఇష్టం. దాన్ని వాడొచ్చా?

వాడకూడదు, అసలు పెంచనూ కూడదు. రామచిలుక, ఈ కొండల్లో పట్టి అమ్మే కొండ గోరింక, నక్షత్ర తాబేలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. థెరపీకి పెంపుడు జంతువుల్నే వాడాలని అంతర్జాతీయ నియమాలూ చెబుతున్నాయి. పక్షిని ఊరికే వదిలేయకండి, పంజరంలో పెరిగింది బయట బతకలేకపోవచ్చు. అటవీశాఖ వారికి అప్పగించండి.

మా వైపు కుక్కలకంటే మేకలు ఎక్కువ. మేకపిల్లలతో చేయొచ్చా?

చేయొచ్చు. పల్లె పిల్లలకు మేక కొత్త కాదు, భయం తక్కువ. మేత పెట్టడం, నీళ్ళు మోయడం, లెక్కపెట్టడం, దువ్వడం వంటి పనుల్లో చేతుల కదలిక, వరుసక్రమం, బాధ్యత అన్నీ నేర్పవచ్చు. మేకను గదిలోకి తేకుండా, దొడ్డి దగ్గరికే పిల్లల్ని తీసుకెళ్ళడం మేలు.

రోగాల విషయంలో గట్టిగా ఉండాలి. పారుడు, చిటుక, గాలికుంటు టీకాలు వేయించి ఉండాలి. కోరాపుట్ వైపు దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్, మళ్ళీ మళ్ళీ బయటపడుతుంది. అక్కడ ఆ టీకా గురించి పశువుల డాక్టరును తప్పక అడగండి. మందలో ఏ మేకైనా హఠాత్తుగా చచ్చిపోతే పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకండి, కళేబరాన్ని కోయకండి, తాకకండి, పశువుల ఆసుపత్రికి కబురు పెట్టండి. ఈనే మేక దగ్గరికి పిల్లలు, గర్భిణులు వెళ్ళకూడదు. మాయ, ఉమ్మనీరు ద్వారా బ్రూసెల్లా, క్యూ జ్వరం అనే రోగాలు మనుషులకు సోకుతాయి. పచ్చిపాలు ఎవరికీ ఇవ్వకూడదు. కొమ్ములున్న పోతు వద్దు.

కుందేలు చిన్నది, కరవదు. చిన్నపిల్లలకు అదే మంచిది కదా?

కరవకపోవచ్చు, కానీ అది తేలిగ్గా దెబ్బతింటుంది. పిల్లలు పైకెత్తినప్పుడు వెనక్కాళ్ళు గట్టిగా తన్నితే దాని వెన్నెముకే విరిగిపోతుంది. చెవులు పట్టి ఎత్తడం క్రూరత్వం. పిల్లలు నేల మీద కూర్చుని, కుందేలు తనంతట తాను దగ్గరికి వస్తేనే తాకాలి. దాక్కోవడానికి అట్టపెట్టె ఒకటి పక్కన ఉండాలి. ఎండలు ముదిరాక కుందేలుతో సెషన్లు పెట్టవద్దు.

ఏ టీకాలు, ఏ పరీక్షలు ఉండాలి?

కుక్కకు రేబిస్ టీకా 3 నెలల వయసులో మొదటిది, ఏడాదికి బూస్టర్, ఆ తర్వాత ఏటా. మొదటి టీకా వేసిన వెంటనే రక్షణ రాదు, నెల ఆగాలి. డిస్టెంపర్, పార్వో వంటి కుక్కల వైరస్ రోగాలకు వేసే సమ్మేళన టీకా 6 నుంచి 8 వారాల వయసులో మొదలై, 3-4 వారాలకోసారి 16 వారాల వరకు సాగుతుంది. వానాకాలం నీళ్ళు నిలిచే మన ఊళ్ళలో ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళతో సోకే లెప్టోస్పైరా రోగానికి టీకా వదలకూడదు. నులిపురుగుల మందు 3 నెలలకోసారి. పిడుదుల మందు డాక్టరు చెప్పినట్టు. వెంట్రుకలు గుండ్రంగా ఊడినచోట తామర ఉందేమో, చెవి అంచుల్లో గజ్జి ఉందేమో ప్రతి వారం వేళ్ళతో తడిమి చూడండి.

కుక్కను పట్టుకునే మనిషి కూడా ముందుగానే రేబిస్ టీకా వేయించుకోవడం మంచిది. 0, 7 రోజుల్లోనూ, 21 లేదా 28వ రోజునా వేస్తారు.

## నేర్చుకునే రోజుల్లో

తోక ఊపుతోందంటే సంతోషంగా ఉన్నట్టే కదా? ఇంకేం చూడాలి?

తోక ఒక్కటే చూసి చెప్పలేం. తోక నడుము ఎత్తులో వదులుగా, పిరుదులతో సహా ఊగితే సంతోషం. నిటారుగా పైకి లేచి, కొస మాత్రమే చకచకా కదిలితే అది ఉద్రేకం. చాలా నాటు కుక్కలకు తోక సహజంగానే చుట్ట తిరిగి ఉంటుంది, అందుకని మిగతా ఒళ్ళు చదవక తప్పదు.

శిక్షణలో కళ్ళకు పదును పెట్టవలసింది ఈ గుర్తుల మీద: తిండి ఏమీ లేకుండానే మూతి నాక్కోవడం. నిద్రవేళ కాకపోయినా ఆవులింత. ముందుకాలు ఒకటి కొద్దిగా ఎత్తి ఉంచడం. తల పక్కకు తిప్పి, కళ్ళు మాత్రం మనిషి మీదే ఉంచడం, అప్పుడు కంటి మూలలో తెల్లగుడ్డు నెలవంకలా కనబడుతుంది. చెవులు వెనక్కి అతుక్కోవడం. తడవకపోయినా ఒళ్ళు విదిలించుకోవడం. రొప్పుతున్నది ఒక్కసారిగా ఆపి నోరు మూసుకోవడం. వీటిలో ఒకటి కనిపిస్తే దూరం పెంచండి. నిమిషంలో రెండు కనిపిస్తే సెషన్ అక్కడితో ఆపండి.

నేర్చుకునేవారికి బాగా పనికొచ్చే కసరత్తు ఒకటుంది. కుక్క, పిల్లాడు కలిసి ఉన్న 2 నిమిషాల వీడియో తీసి, శబ్దం తీసేసి, నెమ్మది వేగంలో నాలుగుసార్లు చూడండి. తొలిసారి ఏమీ కనబడదు. నాలుగోసారికి ఆరేడు గుర్తులు దొరుకుతాయి. వీడియో తీయడానికి ముందు తల్లిదండ్రుల అనుమతి రాయించుకోండి.

కుక్కకు మాటలు ఏ భాషలో నేర్పాలి? మా బడిలో తెలుగు, ఒడియా, సవర పిల్లలు కలిసి ఉన్నారు.

చేతి సైగలతో నేర్పండి, మాట ఆ తర్వాత కలపండి. 'కూర్చో' అన్నా 'బసొ' అన్నా సైగ ఒకటే అయితే కుక్క తికమకపడదు. వినికిడి లేని పిల్లలూ, మాట రాని పిల్లలూ కూడా కుక్కతో పని చేయించగలుగుతారు. మాట రాని పిల్ల అరచెయ్యి కిందికి చూపగానే కుక్క పడుకుంటే, తన సైగకు ఒకరు స్పందించారన్న అనుభవం ఆ పిల్లకు దొరుకుతుంది. మనిషితో ఏం మాట్లాడాలో మాత్రం పిల్లల ఇంటి భాషలోనే మాట్లాడాలి. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పాటుపడ్డారు. ఆ అవసరం ఇక్కడ ఇప్పటికీ ఉంది.

నేర్పవలసినవి ఐదే: కూర్చో, పడుకో, ఉండు, రా, వదిలెయ్. వీటిలో 'వదిలెయ్' ప్రాణం కాపాడేది. వృద్ధాశ్రమంలో నేల మీద పడిన మాత్ర, బడిలో పిల్లల టిఫిన్ డబ్బా రెండూ దాని మూతి ఎత్తులోనే ఉంటాయి.

మాట వినకపోతే ఒక దెబ్బ వేస్తే తప్పేముంది? మా పెద్దలు అలాగే నేర్పారు.

దెబ్బ తిన్న కుక్క చెయ్యి పైకి లేస్తే బెదురుతుంది. ఈ పనిలో రోజంతా చేతులు పైకి లేస్తూనే ఉంటాయి, ముఖ్యంగా ఒంటి మీద అదుపు తక్కువున్న పిల్లలవి. ముళ్ళ గొలుసు, బిగుసుకునే గొలుసు కూడా వద్దు, మెడ నొప్పిని కుక్క ఎదురుగా ఉన్న పిల్లాడితో ముడిపెట్టుకుంటుంది. సరైన పని చేసిన క్షణంలోనే, ఒక సెకను లోపు, 'శభాష్' అని శెనగగింజంత ఉడికిన కోడిమాంసం ముక్క ఇవ్వండి. ఒక పాఠం 5 నిమిషాలు, రోజుకు మూడుసార్లు. అరగంట ఏకబిగిన నేర్పితే చివరి పావుగంట వృథా.

తిండి విషయంలో జాగ్రత్తలేమిటి?

పచ్చిమాంసం తినే కుక్కను ఈ పనికి తీసుకెళ్ళవద్దు, దాని నోటిలో, మలంలో విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా క్రిమి ఉండే అవకాశం ఎక్కువ. వండిన తిండే పెట్టండి. సెషన్‌కు 2 గంటల ముందు కడుపు నిండా పెట్టకండి. బడిలో అసలు చిక్కు పిల్లలు ప్రేమతో పెట్టేవాటితో వస్తుంది. ఉల్లిపాయ ఉన్న ఉప్మా, పకోడీ కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. పాయసంలోని కిస్‌మిస్, ద్రాక్ష మూత్రపిండాలను పాడుచేస్తాయి. చాక్లెట్ విషం. మధ్యాహ్న భోజనం వేళకు కుక్క బడిలో ఉండకూడదు.

సామాను ఏం కావాలి?

ఒంటికి తొడిగే హార్నెస్, 4 నుంచి 6 అడుగుల పట్టీ. లాగితే సాగే పట్టీలు వద్దు, వాటి తాడు పిల్లల వేళ్ళు కోసేస్తుంది. కుక్క తన చోటుగా గుర్తుపట్టే పాత దుప్పటి ఒకటి, నీళ్ళ గిన్నె, మెత్తటి బ్రష్, మలం తీయడానికి సంచులు, సబ్బు, థర్మామీటరు, టీకా కార్డు నకలు. గోళ్ళు కత్తిరించి, ఆకురాయితో నున్నగా చేయాలి. సెషన్‌కు ముందు 24 గంటల్లో స్నానం చేయించాలి. అత్తరు, పౌడరు పూయకూడదు.

## సెషన్ మొదలయ్యాక

మా పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. గట్టిగా చదవమంటే నోరు విప్పరు. కుక్కతో ఏదైనా చేయొచ్చా?

ఈ పద్ధతి మన సరిహద్దు బడులకు చాలా బాగా సరిపోతుందని మా నమ్మకం. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో 1999లో ఒక కార్యక్రమం మొదలైంది, పిల్లలు కుక్కకు చదివి వినిపిస్తారు. రెండో భాషలో చదివే పిల్లాడికి అక్షరం కంటే తోటివారి నవ్వే పెద్ద అడ్డంకి. కుక్క తప్పు దిద్దదు, నవ్వదు.

20 నిమిషాల సెషన్ ఇలా నడుస్తుంది. కుక్కను ముందే మూత్రానికి తీసుకెళ్ళి, నీళ్ళు పట్టించి, గది మూలలో దుప్పటి మీద పడుకోబెట్టాలి. ఫినాయిల్‌తో తుడిచిన నేల పూర్తిగా ఆరాకే లోపలికి తేవాలి, తడి ఫినాయిల్ పాదాలను మండిస్తుంది, నాకితే విషం. పిల్లాడు సబ్బుతో చేతులు కడుక్కుని వస్తాడు. మొదటి 3 నిమిషాలు పలకరింపు: పక్కగా కూర్చుని, చెయ్యి కిందుగా చాపి, కుక్క వాసన చూసేదాకా ఆగాలి. తర్వాత ఛాతీ మీదో భుజం మీదో 3 సెకన్లు నిమిరి చెయ్యి తీసేయాలి. కుక్క మళ్ళీ చెయ్యి వైపు జరిగితే ఇంకా కావాలని. జరగకపోతే చాలని. ఈ 'అడిగి తాకడం' పిల్లాడికి మనుషులతోనూ పనికొచ్చే పాఠం.

తర్వాత 12 నిమిషాలు చదవడం. పాఠం అతని స్థాయికి ఒక మెట్టు కిందిది ఎంచుకోండి. పిల్లాడు ఒక మాట దగ్గర ఆగిపోతే టీచరు 5 సెకన్లు నోరు మెదపకూడదు. అప్పటికీ రాకపోతే "దీనికి ఆ మాట అర్థం కాలేదేమో, మనిద్దరం కలిసి చెబుదామా" అని కుక్క పేరు మీద సాయం చేయాలి. చివరి 5 నిమిషాలు కుక్కకు సైగతో ఒక పని చెప్పించి, వీడ్కోలు, మళ్ళీ చేతులు కడుక్కోవడం.

గదిలో ఇద్దరు పెద్దవాళ్ళు తప్పనిసరి, ఒకరి కళ్ళు కుక్క మీద, ఒకరి కళ్ళు పిల్లాడి మీద. ఒక్కరే ఉన్న రోజు సెషన్ రద్దు చేయండి.

రోజుకు ఎన్ని సెషన్లు పెట్టొచ్చు? హెడ్‌మాస్టరు అన్ని తరగతులకూ తిప్పమంటున్నారు.

ఒక సెషన్ 20 నుంచి 30 నిమిషాలు, రోజుకు రెండు, వారానికి మూడు రోజులు. అంతకు మించితే కుక్క అలిసిపోతుంది, కరిచే ప్రమాదం పెరుగుతుంది. అమెరికాలో 1977 నుంచి ఉన్న పెట్ పార్ట్‌నర్స్ సంస్థ కూడా ఒక జంతువు రోజుకు 2 గంటలకు మించి సందర్శనలు చేయకూడదంటుంది. అన్ని తరగతులకూ తిప్పితే పిల్లలు కుక్కను చూస్తారు, ఏమీ నేర్చుకోరు. హెడ్‌మాస్టరుకు ఈ మాట నెమ్మదిగా, రాతపూర్వకంగా చెప్పండి.

కుక్కంటే వణికిపోయే పిల్లను ఎలా అలవాటు చేయాలి?

బలవంతంగా చెయ్యి పట్టి తాకించడం అన్నిటికంటే చెడ్డ పని, భయం రెట్టింపవుతుంది. మొదట బొమ్మ కుక్క, తర్వాత ఫొటో, కిటికీలోంచి చూడటం, 15 అడుగుల దూరం, ఇలా మెట్లు కట్టండి. ప్రతి మెట్టు మీదా పిల్ల తానే 'ఇంకొంచెం' అనేదాకా ఆగండి. 'వద్దు' అంటే ఆ రోజుకు అంతే. కొందరు పిల్లలకు గతంలో కుక్కకాటు అనుభవం ఉంటుంది, ముందే ఇంట్లోవాళ్ళను అడగండి. అలాంటివారికి సైకాలజిస్టు లేకుండా మొదలుపెట్టవద్దు.

ఎవరిని ఈ సెషన్లకు తీసుకోకూడదు?

జంతువుల బొచ్చుతో ఆయాసం వచ్చేవారు, క్యాన్సర్ మందుల వల్లో మరోలాగో రోగనిరోధక శక్తి పడిపోయినవారు, మానని పుండ్లు ఉన్నవారు, జంతువుల్ని హింసించిన చరిత్ర ఉన్నవారు, అన్నిటికంటే ముందు ఇష్టం లేనివారు. జ్వరం, విరేచనాలు ఉన్న రోజు ఎవరికీ వద్దు, కుక్కకైనా సరే.

వృద్ధాశ్రమంలో వేరే జాగ్రత్తలు ఉన్నాయా?

పెద్దవాళ్ళ చర్మం పల్చగా ఉంటుంది, గోరు గీరుకుంటే చిట్లుతుంది. ఒళ్ళో తువ్వాలు పరచి, కుక్కను మంచం పక్కన కుర్చీ మీద కూర్చోబెట్టండి, మంచం ఎక్కించవద్దు. పట్టీ నడిచేవారి కాళ్ళకు అడ్డం పడకూడదు, తుంటి ఎముక విరగడానికి అదొక్కటి చాలు. రక్తం పల్చబరిచే మందులు వాడేవారెవరో నర్సును ముందే అడగండి. మరుపు జబ్బు ఉన్నవారు కుక్కను తమ చిన్ననాటి కుక్క పేరుతో పిలవవచ్చు. దిద్దకండి, ఆ కుక్క గురించి అడగండి.

ఎండాకాలంలో ఏం చేయాలి?

ఏప్రిల్‌లో బడులు ఉదయం పూటకు మారినప్పుడు సెషన్ కూడా 8 గంటలలోపు ముగించండి. అరచెయ్యి వెనుకవైపు రోడ్డు మీద 7 సెకన్లు ఆనించి చూడండి, మీకు కాలితే కుక్క పాదాలూ కాలతాయి. కుక్క మామూలు ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 104 దాటితే పని ఆపి, నీడకు తెచ్చి, ఒళ్ళంతా నీళ్ళు పోసి, ఫ్యాను పెట్టి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. చిగుళ్ళు ఎర్రగా కమిలి, చొంగ చిక్కగా కారి, నడక తూలితే థర్మామీటరు కోసం వెతకవద్దు, ముందు నీళ్ళు పోయండి. ఆటోలో కుక్కను వదిలి లోపలికి వెళ్ళడం ఒక్క నిమిషమైనా వద్దు.

కొన్ని కుటుంబాలు కుక్కను ముట్టకూడదంటాయి. ఏం చెప్పాలి?

వాదించకండి. మడి పాటించే ఇళ్ళుంటాయి, కుక్క లాలాజలం తగిలితే నమాజుకు ముందు కడుక్కోవాలనే ముస్లిం కుటుంబాలు ఉంటాయి. అనుమతి పత్రంలో 'చూడవచ్చు', 'తాకవచ్చు', 'అసలు వద్దు' అని మూడు గడులు పెట్టండి, పత్రం తెలుగులోనూ ఒడియాలోనూ ఉండాలి. వద్దన్న పిల్లలకు అదే సమయంలో అంతే ఆసక్తి ఉన్న వేరే పని ఉండాలి. వారిని వరండాలో ఊరికే కూర్చోబెడితే అది శిక్షే అవుతుంది.

ఉపయోగం ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

మొదట జంతువు లేకుండా 3 సెషన్లు చేసి, లెక్క రాయండి: పిల్లాడు తనంతట తాను పలికిన మాటలు ఎన్ని, కుదురుగా కూర్చున్న నిమిషాలు ఎన్ని. ఒక పిల్లాడికి ఒకటి రెండు కొలతలు చాలు. ఆ తర్వాత 8 నుంచి 12 వారాలు జంతువుతో చేస్తూ అవే రాయండి. చివరికి మళ్ళీ జంతువు లేకుండా 3 సెషన్లు. కుక్క లేనప్పుడు కూడా మార్పు నిలిస్తేనే పిల్లాడు నేర్చుకున్నట్టు. కుక్క ఉన్నప్పుడే కనిపిస్తే ప్రణాళిక మార్చాలి. అదే కాగితంలో కుక్కకూ ఒక వరుస ఉండాలి: ఎన్నిసార్లు ఒత్తిడి గుర్తు కనిపించింది, ఎన్నో నిమిషంలో.

## తేడా వచ్చినప్పుడు

కుక్క పన్ను తగిలింది, చిన్న గీరుడే. టీకాలు వేసిన కుక్కే కదా, వదిలేయొచ్చా?

వదిలేయకూడదు. వెంటనే ధారగా పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి, గడియారం చూసి మరీ. కారం, సున్నం, పసుపు, కాఫీపొడి అద్దకండి, కట్టు బిగించకండి, పసరు వైద్యుల దగ్గరికి పోకండి. రేబిస్ ప్రమాదాన్ని బట్టి డాక్టర్లు గాయాలను మూడు తరగతులుగా చూస్తారు; రక్తం రాని గీరుడు కూడా రెండో తరగతి గాయమే, దానికి రేబిస్ టీకా కావాలి. రక్తం వస్తే, లేదా చితికిన చర్మం మీద కుక్క నాకితే, మూడో తరగతి, టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే రక్షణ ఇచ్చే మందు) గాయంలోకి ఎక్కించాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మంలోకి వేసే టీకా 0, 3, 7, 28 రోజుల్లో ఇస్తారు. కుక్క టీకా కార్డు డాక్టరుకు చూపించండి, నిర్ణయం ఆయనదే. కుక్కను 10 రోజులు కనిపెట్టి ఉండాలి, కానీ ఆ 10 రోజుల కోసం టీకా ఆపకూడదు. తల్లిదండ్రులకు అదే గంటలో చెప్పాలి. దాచిపెట్టిన గీరుడు బయటపడితే ఆ ఊరిలో ఈ పని అక్కడితో ముగిసినట్టే.

సెషన్‌లో కుక్క గుర్రుమంది. తిట్టాలా?

తిట్టకండి. గుర్రుమనడం కుక్క ఇచ్చే ఆఖరి మర్యాదైన హెచ్చరిక. దాన్ని అణచివేస్తే తర్వాతిసారి గుర్రుమనకుండానే కరుస్తుంది. పిల్లాణ్ణి కాదు, కుక్కను నిశ్శబ్దంగా పక్కకు తీసుకెళ్ళండి. ఆ రోజుకు పని ముగిసింది. గుర్రుమనడానికి ముందు 5 నిమిషాల్లో ఏం జరిగిందో ఇద్దరూ విడివిడిగా రాయండి. చెవినొప్పి, తుంటి నొప్పి వంటివి ఉన్నాయేమో డాక్టరుకు చూపించండి. రెండోసారి గుర్రుమంటే ఆ కుక్కకు ఈ పని మాన్పించి, ఇంటి కుక్కగానే ఉంచండి.

ఊరి ఉత్సవంలో మన కుక్క విన్యాసాలు టికెట్ పెట్టి చూపిద్దామంటున్నారు. చేయొచ్చా?

వద్దు. టికెట్ పెట్టి జంతువును ప్రదర్శించాలంటే 1960 జంతు హింస నివారణ చట్టం, 2001 ప్రదర్శన జంతువుల నియమాల కింద నమోదు ఉండాలి. చట్టం సంగతి అటుంచినా, మైకులు, బాణాసంచా మధ్య ఒక్క సాయంత్రం నిలబెడితే ఆరు నెలల శిక్షణ పోతుంది.

బడికి వచ్చే కుక్క చనిపోయింది. పిల్లలకు ఏం చెప్పాలి?

'చనిపోయింది' అనే చెప్పండి, పిల్లల ఇంటి భాషలో, వారికి బాగా తెలిసిన టీచరు నోటి నుంచి. 'నిద్రపోయింది' అంటే కొందరు చిన్నపిల్లలు నిద్రపోవడానికే భయపడతారు. 'ఊరెళ్ళింది' అంటే రోజూ గేటు వైపు చూస్తారు. ఎందుకు చనిపోయిందో ఒక వాక్యంలో చెప్పండి: "దానికి ముసలితనం వచ్చింది, గుండె ఆగిపోయింది, ఇక నొప్పి ఉండదు." తమ వల్లే చనిపోయిందేమో అని అడగలేక మథనపడే పిల్లలుంటారు, కాబట్టి "మీలో ఎవరి తప్పూ లేదు" అని మీరే ముందుగా అనండి. దాని దుప్పటిని రెండు మూడు రోజులు అదే మూలలో ఉంచి, బొమ్మ గీయాలనుకున్నవారిని గీయనివ్వండి. కొత్త కుక్కను ఆ వారంలోనే తేవద్దు.